పొగ కనబడని కన్ను

ఆదిలాబాదు జిల్లా ఇచ్చోడ పరిసరములందు మాఘ ఫాల్గునములలో ఆకసము బూడిదవన్నెకు దిగుట వింత కాదు. ఏరుట ముగిసిన చేలలో పత్తికట్టెను కుప్పవేసి కాల్చుదురు. ఇప్పపూవు కొఱకై చెట్టుక్రింది ఎండుటాకునకు అంటించిన నిప్పు ఒక్కొక్కప్పుడు చేయిదాటి టేకువనమునకు ప్రాకును. ఆపై వేసవిగాడ్పు దుమ్ము లేపును. నేలపై నిలిచిన మనకే పొగయో దుమ్మో తెలియనప్పుడు, ఏడువందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము ఇది పొగ, ఇది ధూళి, ఇది మేఘము అని ఎట్లు తేల్చునని తరగతిలో ఒక బాలిక అడిగెను.

దాని యుక్తి యేమనగా, పొగ కనబడని కన్నొకటి పెట్టుకొనుట. 1999 డిసెంబరులో ఎగసిన టెర్రా ఉపగ్రహముపై నున్న మోడిస్ అను పరికరము కిరణములను 36 పట్టీలుగా విడదీసి చూచును. పొగరేణువు మైక్రానులో పదవవంతు, మహా యైన మూడవవంతు. 0.47 మైక్రాను తరంగదైర్ఘ్యముగల నీలికాంతి దానిని తాకి చెదరిపోవును, 2.1 మైక్రానుల పరారుణ కిరణము మాత్రము, చెఱువులోని పెద్ద అల తుంగపోచను లెక్కచేయక సాగిపోవునట్లు, పొగను దాటి నేలను ముట్టి మఱలివచ్చును. పొగచాటున నున్న నేల యెట్టిదో అంతట తెలిసిపోవును. ఇందు యోరమ్ కాఫ్‌మన్ అను శాస్త్రవేత్తయు ఆయన సహచరులును కనిపెట్టిన చమత్కారమునకు నేనిప్పటికిని ముగ్ధుడనే: పచ్చని నేల 2.1 మైక్రానుల వద్ద ఎంత కాంతిని త్రిప్పిపంపునో, ఎఱుపులో సుమారు అందులో సగమును, నీలములో నాలుగవవంతును మాత్రమే త్రిప్పిపంపును. కావున కంటబడిన నీలములోనుండి నేల వాటాను తీసివేసి, నిర్మలమైన గాలి తానుగా చెదరగొట్టు పాలును మినహాయింపగా, మిగిలినదంతయు రేణువులదే.

ధూళి ముందు ఈ యుక్తి పాఱదు. దాని కణములు పెద్దవి గనుక ఆ కంటికిని అడ్డుపడును. అప్పుడు వెలుగును విడిచి వేడిమిని అడుగవలెను. భూమి రేయింబవళ్లు వెలార్చు ఉష్ణకిరణములలో, ధూళిలోని సిలికా ఖనిజములు 11 మైక్రానుల వానిని 12 మైక్రానుల వానికంటె హెచ్చుగా మ్రింగును. పలుచని మంచుమేఘము దీనికి విరుద్ధము. 11 మైక్రానుల పట్టీ చూపు ఉష్ణోగ్రతనుండి 12 మైక్రానుల పట్టీ చూపుదానిని తీసివేయగా వచ్చు భేదము ఋణమైనచో ధూళి, ధనమైనచో మేఘము! థార్ ఎడారిలో లేచిన ధూళిని గంగామైదానము మీదుగా రాత్రివేళ సైతము వెంబడింపగలుగుట దీనివలననే.

తరువాతి కథ పొడవైనది కాదు. 2002లో ఆక్వా, 2011లో వీర్స్ పరికరముతో సువోమి ఎన్‌పీపీ వచ్చినవి; మన ఇన్సాట్-3డీ 2013లోను, 3డీఎస్ 2024లోను ఎగసినవి. మనవి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి అరగంట కొక చిత్రము పంపుటకై నిర్మింపబడినవి. ధూళిని పట్టు ఆ రెండు ఉష్ణపట్టీలును వానిలో కలవు.

ఆదిలాబాదు అడవికి మాత్రమొక చిక్కు కలదు. ఇచట టేకు ఆకు రాల్చు కాలమే అగ్నికాలము. పచ్చదనము తొలగిన నేల తళుకెక్కి కాఫ్‌మన్ లెక్కను సడలించును. అప్పుడు పొగకంటె నిప్పునే వెదకుట మేలు: మంటల కాంతి మిక్కుటముగా నుండు 4 మైక్రానుల పట్టీలో, చిత్రపు గడియంతటిలో ఏ కొద్దిభాగము మండుచున్నను ఆ గడి యంతయు జ్వలించును. డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ అట్టి చుక్కలను గుర్తించి, పేరు నమోదు చేసికొన్నవారి సెల్‌ఫోనునకు కబురు పంపుచున్నది. అటవీ ఉద్యోగులకే యని యూరకుండక, అడవి అంచున నున్న ప్రతి ఊరినుండియు ఒకరిద్దఱు యువకులు అందు పేరు వ్రాయించుకొనవలెను.