సీసా తిరగేసి చూడండి

పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపించేవాళ్లకు పాతకాలపు సీసా కావాలి. అదీ చవగ్గా కావాలి. చిక్కంతా ఆ రెండో మాట దగ్గరే.

ఎడిటర్‌గారు అడిగింది సీసాల గురించి కాదు. అమెరికాలోని వర్జీనియా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో, పాతకాలపు పట్నంగా నిలబెట్టిన విలియమ్స్‌బర్గ్‌లో ఫొటో దిగనివాళ్లు తక్కువ. మూడు మూలల టోపీలు, ఎర్రకోట్లు, గుర్రబ్బళ్లు, పొగ చిమ్మే తుపాకులు. ‘ఈ సరదా ఏమిటో రాయండి, బొమ్మలు బాగున్నాయి, గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి’ అన్నారు. బొమ్మలు నిజంగానే బాగున్నాయి. నా చూపు మాత్రం తుపాకుల మీద నిలవలేదు. ఒక గుడారం ముందు చెక్కబల్ల మీద సీసా ఉంది. నల్లగా కనిపించేంత ముదురు ఆకుపచ్చ, సన్నని మెడ, అడుగున ఉబ్బిన పొట్ట. అలాంటిది ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అని కనుక్కోవడం మొదలుపెట్టాక తుపాకుల సంగతి వెనకబడిపోయింది.

ముందే చెప్పేస్తాను, ఈ వేషాల మీద నాకు పెద్ద గురి లేదు. ఆకలీ, పేలూ, జిగట విరేచనాలూ వదిలేసి బొత్తాలు మాత్రం ఆనాటివే కుట్టించుకునే యుద్ధం ఏం యుద్ధం అనిపిస్తుంది. కానీ ఒక వస్తువు సరిగ్గా ఉందా లేదా అని ఇంత పట్టుదలగా కొట్లాడుకునేవాళ్లను చూస్తే ముచ్చట కూడా వేస్తుంది.

వీళ్లను రీఎనాక్టర్లంటారు. వాళ్లకు సొంత పరిభాష ఉంది. కాలానికి పొసగని వస్తువుతో తిరిగేవాడు ‘ఫార్బ్’. కుట్టు చేత్తో వేసిందా, మిషన్ మీద వేసిందా అని వంగి మరీ చూసేవాడు ‘స్టిచ్ కౌంటర్’. సరంజామా అమ్మేవాడు ‘సట్లర్’. ఒకప్పుడు సైన్యం వెంట తిరిగి సరుకులమ్మిన వర్తకుల పేరే ఇది. ఇక అందరికీ తెలిసింది పదడుగుల సూత్రం. పదడుగుల దూరంలోంచి చూసినప్పుడు సరిగ్గా ఉంటే చాలునంటారు. కోటు, బూటు, డోలు ఈ సూత్రంతో గట్టెక్కుతాయి. సీసా గట్టెక్కదు. దాన్ని అతిథి చేతికిస్తారు, కాస్త పుచ్చుకోమంటారు. చేతికొచ్చిన సీసాను ఎవరైనా తిరగేసి చూస్తారు.

చూస్తే ఏం కనపడాలి? యంత్రం మీద తయారైన సీసాకు రెండు పక్కలా సన్నని గీత ఉంటుంది, అచ్చు చెక్కలు రెండూ కలిసిన చోట. ఆ గీత మెడ మీదుగా మూతి అంచు దాకా ఎక్కితే అది 20వ శతాబ్దపు సరుకు. అచ్చులో పెట్టి నోటితో ఊదిన 19వ శతాబ్దపు సీసాకూ గీత ఉంటుంది గానీ మూతి రాకముందే ఆగిపోతుంది. మూతిని విడిగా చేత్తో చేసేవాళ్లు మరి. అచ్చు లేకుండా ఊదిన సీసాకు గీతే ఉండదు. దాని అడుగున, సరిగ్గా మధ్యలో, వేలికి గరుగ్గా తగిలే మచ్చ ఉంటుంది. పాంటిల్ మచ్చ అంటారు. సీసా ధర మొత్తం ఆ మచ్చలో ఉంది.

ఎలాగంటే, పనివాడు బోలు గొట్టం చివర కరిగిన గాజు ముద్ద తీసుకుంటాడు. ఇనప పలక మీద దొర్లిస్తాడు, ఊదుతాడు, కొలిమిలో చూపించి మళ్లీ ఊదుతాడు. అడుగును లోపలికి నొక్కుతాడు. ఇప్పుడు సీసాకు పొట్ట ఉంది, అడుగు ఉంది, మూతి మాత్రం లేదు. మూతి ఉండాల్సిన చోట గొట్టం అతుక్కుని ఉంది. గొట్టం తీసేస్తే సీసాను పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు. అప్పుడు రెండో మనిషి రావాలి. ఇనప కడ్డీ చివర కాస్త వేడి గాజు అంటించుకుని వచ్చి సీసా అడుగున నడిబొడ్డులో అతికిస్తాడు. మొదటివాడు మెడ దగ్గర తడి ఇనుము తాకించి టక్కున తడితే గొట్టం విడిపోతుంది. సీసా బరువంతా ఇప్పుడు రెండోవాడి కడ్డీ మీద. మొండి మెడను నిప్పులో చూపించి నున్నగా చేసి, అంచుకి కాస్త కింద గాజు తీగ ఒకటి చుడతారు. బిరడాను దారంతో బిగించి కట్టడానికి పట్టు అదే. ఆఖర్న కడ్డీ మీద ఒక్క దెబ్బ. సీసా ఊడి వస్తుంది, అడుగున పెచ్చులేచిన మచ్చ మిగిలిపోతుంది. ఆ గరుకు బల్లను గీరకుండా, సీసా నిలకడగా నిలబడేలా చూసేది లోపలికి నొక్కిన అడుగే. పని అక్కడితో అయిపోదు. సీసాను చల్లార్చే పొయ్యిలో పెట్టి గంటల తరబడి వేడి నెమ్మదిగా దిగనివ్వాలి. తొందరపడితే దానంతటదే చిట్లుతుంది.

ఇదంతా కళ్లారా చూడాలంటే విలియమ్స్‌బర్గ్‌కి దగ్గర్లోనే జేమ్స్‌టౌన్ గ్లాస్‌హౌస్ ఉంది. 17వ శతాబ్దపు కొలుముల శిథిలాలు 1948లో అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ పక్కనే కట్టిన కొలిమిలో నోటితో ఊది చేసిన వస్తువులు అమ్ముతారు కూడా.

చరిత్ర గబగబా చెప్పేస్తాను, పేజీలో చోటు లేదు. ఇంగ్లిష్‌వాళ్లు 1608లోనే జేమ్స్‌టౌన్‌కి యూరప్ నుంచి గాజు పనివాళ్లను తీసుకెళ్లారు, నిలబడలేదు. 1620లలో ఇటలీవాళ్లతో మళ్లీ ప్రయత్నించారు, అదీ మునిగింది. ఇంగ్లండ్‌లో ఓడలకు కలప మిగల్చడం కోసం గాజు కొలుముల్లో కట్టె వాడొద్దని జేమ్స్ రాజు 1615లో ఆంక్ష పెట్టాడు. బొగ్గు వచ్చింది, మంట పెరిగింది, మందపాటి ముదురు సీసా పుట్టింది. 1630లలో దాన్ని తయారుచేసిన పేరు ఇంగ్లిష్ దొర కెనెల్మ్ డిగ్బీకి దక్కింది. చేత్తో ఊదిన రెండు సీసాలు ఒకే కొలత పట్టవు కాబట్టి సీసా లెక్కన వైన్ అమ్మడాన్ని 1636లో నిషేధించారు. అందుకని డబ్బున్నవాళ్లు తమ ముద్ర వేసిన సొంత సీసాలు చేయించుకుని దుకాణంలో నింపించుకునేవాళ్లు. లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ 1663లో తన కొత్త సీసాలు చూసుకుని మురిసిపోయి డైరీలో రాసుకున్నాడు. ఆ తర్వాత ఉల్లిగడ్డ ఆకారం, 1720ల తర్వాత సుత్తి ఆకారం, ఆపైన నిలువు గొట్టం ఆకారం. ఆట ఏ సంవత్సరానిదో దాన్నిబట్టి సీసా.

ఇక ధర. 19వ శతాబ్దం చివరి నాటికి మందు సీసా, సిరా సీసా, పచ్చడి సీసా వాడి పారేసేంత చవక. అదీ మనిషి ఊపిరితో ఊదిందే. అదే సీసాను ఇవాళ అమెరికాలో చెయ్యి తిరిగిన పనివాడితో ఊదించుకుంటే పదుల డాలర్లవుతుంది, ఆకారం కష్టమైతే వంద దాటడమూ ఉంది. గాజు ఖరీదైన పదార్థమేం కాదు, ఇసుకేగా! మరి తేడా ఎక్కడుందా అని వెతుకుతుంటే ఒక ఫొటో దొరికింది. కవర్ మీద అదే వెయ్యమని అడిగాను. ఎడిటర్‌గారు ఎర్రకోట్లే వేశారు.

1911 జూన్‌లో ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ తీసిన ఫొటో అది. ఊరు అలెగ్జాండ్రియా, అదే వర్జీనియాలో. గాజు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక పిల్లవాడు. ఫొటో కింద హైన్ రాసిన ముక్క ఫొటో కంటే గట్టిగా తగులుతుంది: ఇతను ‘క్యారీయింగ్ ఇన్ బాయ్’, ఒక వారం పగటి పని, తర్వాతి వారం రాత్రి పని. అప్పుడే తయారైన వేడి సీసాలను చల్లార్చే పొయ్యి దాకా మోసుకెళ్లడం అతని ఉద్యోగం. తిరిగి రావడం, మళ్లీ మోసుకెళ్లడం. షిఫ్టంతా అంతే.

సీసాల ఫ్యాక్టరీలో పెద్ద పనివాళ్లు, వాళ్లకింద పిల్లలు కలిసి ఒక జట్టుగా పనిచేసేవాళ్లు. ఒక పిల్లాడు పనివాడి కాళ్లదగ్గర కూర్చుని అచ్చు తెరుస్తూ మూస్తూ ఉంటాడు. ఇంకొకడు గొట్టాలకు అంటుకున్న గాజు దులుపుతాడు. మరొకడు మోస్తాడు. పిల్లలు లేకపోతే ఈ పరిశ్రమే నడవదని యజమానులు వాదించేవాళ్లు. హైన్, పిల్లల చాకిరీ మాన్పించాలని పనిచేసిన అమెరికా జాతీయ బాలకార్మిక కమిటీ తరఫున తిరుగుతూ, గేటు దగ్గర ఏదో ఒక అబద్ధం చెప్పి లోపలికి వెళ్లి, పిల్లల ఎత్తును తన కోటు బొత్తాలతో కొలుచుకుని, జేబులో చెయ్యి పెట్టుకునే వివరాలు రాసుకునేవాడట. 1908 ఆగస్టులో ఇండియానాలో ఒక గాజు ఫ్యాక్టరీని అర్ధరాత్రి ఫొటో తీశాడు. ఆ కమిటీ ఫొటోలు 5 వేలకు పైగా అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. బొత్తాల గురించి కొట్లాడుకునేవాళ్లు ఓసారి ఆ బొత్తాల కొలతలూ చూడాలి.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన మనిషి మైకేల్ ఓవెన్స్. 1859లో ఇప్పటి వెస్ట్ వర్జీనియాలో పుట్టాడు. పదేళ్లకే వీలింగ్ ఊళ్లో గాజు కొలిమికి బొగ్గు ఎగదోసే పనిలో చేరాడు. పదిహేనేళ్లకు ఊదే పనివాడయ్యాడు. ఆ మనిషే ఒహాయోలోని టొలీడోలో 1903 నాటికి మనిషి ఊపిరితో పనిలేకుండా సీసా తయారుచేసే యంత్రం తెచ్చాడు. కరిగిన గాజును తనే పీల్చుకుని, తనే ఊది, మూతితో సహా పూర్తిచేసి బయటపడేస్తుంది. పదేళ్లు తిరిగేసరికి, చట్టాలకంటే ఈ యంత్రమే ఎక్కువమంది పిల్లల్ని కొలిమి దగ్గర్నుంచి తప్పించిందని బాలకార్మిక కమిటీయే ఒప్పుకుంది. ఊదే పనివాళ్ల నోటి దగ్గర కూడూ అదే యంత్రం పట్టుకుపోయింది, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

గుడారం ముందు రీఎనాక్టర్ పరువు తీసే గీత ఉందే, మూతి అంచు దాకా ఎక్కే గీత, అది ఇలాంటి యంత్రం పెట్టిన గుర్తు. ఓవెన్స్ యంత్రమైతే అడుగున ఒక వంకర వలయం కూడా వదులుతుంది. గీత లేని సీసా కావాలన్నవాళ్లు ఓవెన్స్‌కి ముందు కాలానికి వెళ్లాలి. అక్కడ కడ్డీ పట్టుకునే రెండో మనిషి ఉంటాడు. అతనికి ఇవాళ అమెరికాలో గంటకింతని కూలి ఇవ్వాలి. పదుల డాలర్లన్నది ఆ లెక్కే. నన్నడిగితే అది న్యాయమైన ధర.

చవక కావాలంటే చేతిపని ఇంకా పెద్ద ఎత్తున, తక్కువ కూలికి నడిచే చోట్లు చూడాలి. మెక్సికో ఒకటి, మన ఫిరోజాబాద్ ఒకటి. ఆగ్రాకి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి మట్టిగాజులు మన పెళ్లిళ్లలో పెళ్లికూతుళ్ల చేతుల నిండా కనిపిస్తాయి. గాజుసామాను విదేశాలకూ వెళ్తుంది. తాజ్‌మహల్‌కి పొగ తగులుతోందని 1996లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతంలో బొగ్గు మానిపించాక కొలుములు గ్యాస్‌కు మారాయి. కొలుముల దగ్గర పిల్లల సంగతి మాత్రం అంత తేలిగ్గా మారలేదు. సామాజిక శాస్త్రవేత్త నీరా బుర్రా 1995 నాటి పుస్తకంలో ఫిరోజాబాద్ పిల్లల మీద ఒక అధ్యాయమే రాశారు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి చదివిన పిల్లల్ని అడగండి, అనీస్ జంగ్ పాఠంలోని ఫిరోజాబాద్ పిల్లాడు ముకేశ్ గుర్తుంటాడు. కొనేవాడు ‘చేత్తో ఊదిందేనా’ అని ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. ‘ఎవరి చేత్తో’ అని కూడా అడిగితే, నిజాయితీగా అమ్మేవాడు జవాబు చెప్పగలడు, దొంగసరుకువాడు మాట మారుస్తాడు. రెండో ప్రశ్నకు ఖర్చేమీ లేదు.

చేతిలో డబ్బు తక్కువుంటే

అన్నిటికంటే సులువు, సీసాను దాచెయ్యడం. మామూలు వైన్ సీసా మీది కాగితం నానబెట్టి ఊడదీసి, తోలు తొడుగు గానీ వెదురల్లిక గానీ వేస్తే గీత కనపడదు. మరమూతి సీసా మాత్రం వద్దు, మెడ మీది మరలు ఎంత దాచినా దాగవు. తీసుకునే ముందు సీసా ఒళ్లంతా తడిమి చూడండి. 1935 నుంచి 1964 దాకా అమెరికా మద్యం సీసాల మీద, వీటిని మళ్లీ వాడటం ఫెడరల్ చట్టరీత్యా నిషిద్ధమని గాజులోనే అచ్చువేశారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి గుడారంలో ఆ అక్షరాలు బయటపడితే నవ్వులపాలే.

అమెరికా అంతర్యుద్ధం (1861–65) ఆడేవాళ్లకు కాస్త వెసులుబాటుంది. 1850ల నుంచి సీసాను అడుగున అతికించకుండా ఇనప చట్రంతో పట్టుకోవడం మొదలైంది కాబట్టి మచ్చ లేకపోయినా తప్పుకాదు. ఆనాటి సీసా కచ్చితంగా ఎలా ఉండేదో తేల్చుకోవాలంటే 1865లో మిస్సోరీ నదిలో మునిగిన బెర్‌ట్రాండ్ అనే స్టీమర్ సరుకే గీటురాయి. సీసాలు సీసాలుగానే బయటపడ్డాయి.

న్యూజెర్సీలోని క్లేటన్‌లో క్లెవెంజర్ సోదరులు 1930లలోనే పాత నమూనాల నకళ్లు ఊది అమ్మారు. ఆ నకళ్లకే ఇప్పుడు వయసు మీరింది. పాతసామాన్ల సంతలో కళ్లు తెరుచుకుని వెతికితే దొరకొచ్చు.

నేలలోంచి తవ్వితీసిన అసలు సీసా దొరికితే బల్ల మీద పెట్టుకోండి గానీ అందులోంచి తాగొద్దు. ముందు దాన్లో ఏ విషం పోశారో ఎవరికెరుక.

విక్టోరియా కాలానికి గోళీ సోడా

లండన్ కామ్బర్‌వెల్‌కు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ తీసుకున్న సీసా ఇది. మూతి లోపల రబ్బరు వలయం, మెడలో గోళీ. సోడా నింపాక గ్యాసే గోళీని పైకి నెట్టి మూతి బిగిస్తుంది. తాగేటప్పుడు గోళీ జారి అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులు. ఇంగ్లండ్‌లో అది ఎప్పుడో వాడుక తప్పింది. గోళీల కోసం అక్కడి పిల్లలు పగలగొట్టగా మిగిలినవాటిని సేకర్తలు అపురూపంగా దాచుకుంటారు. మన దగ్గర మాత్రం బొటనవేలితో టప్పున కొట్టి, నిమ్మకాయ పిండి, ఉప్పేసి ఇస్తారు. ఉత్తరప్రదేశ్‌లో తయారీ ఇంకా సాగుతోంది. బ్రిటన్‌లో విక్టోరియా కాలపు సంతలు కట్టేవాళ్లకు ఇంతకంటే చవకైన సరైన సీసా దొరకదు. అమెరికా అంతర్యుద్ధం ఆడేవాళ్లకు పనికిరాదు. ఆ యుద్ధం ముగిసిన ఏడేళ్లకు గానీ కాడ్ చేతికి పేటెంట్ రాలేదు.