దుబాయ్‌లో మేడలు... మన ఊళ్ళో సగం గోడలు!

జగిత్యాల బస్టాండులో కోరుట్ల, మెట్‌పల్లి వైపు వెళ్ళే బస్సెక్కి ఎప్పుడైనా కిటికీ పక్కన కూర్చున్నారా? పసుపు చేలు, మొక్కజొన్న చేలు, మధ్యమధ్య ఊళ్ళు. పెంకుటిళ్ళ సరసన ఉన్నట్టుండి ఓ రెండంతస్తుల మేడ కనిపిస్తుంది. గులాబీరంగు గోడలు, ముందు లావుపాటి స్తంభాలు, స్టీలు గేటు. ఎవరిదమ్మా ఈ ఇల్లు అని పక్క సీటులో ఉన్నావిడను అడగండి. పేరు చెప్పదు. ‘దుబాయోళ్ళది’ అంటుంది. అంతే!

ఇంకాస్త ముందుకెళితే మరో ఇల్లు. గోడలు సజ్జ దాకా లేచి ఆగిపోయాయి. కిటికీలకు రెక్కల్లేవు. గదిలో తుమ్మ మొలిచింది. అదెవరిది? అదీ దుబాయోళ్ళదే!

ఈ రెండిళ్ళ కథా తెలియాలంటే రెండున్నర వేల కిలోమీటర్ల అవతల, ఇసుకలో లేచిన ఓ నగరం కథ తెలియాలి. ఎందుకంటే అక్కడ మేడ లేస్తే ఇక్కడ గోడ లేస్తుంది. అక్కడ క్రేను ఆగితే ఇక్కడ తాపీ ఆగిపోతుంది.

ముత్యాల ఊరు మేడల నగరమైంది

దుబాయ్ ఒకప్పుడు సముద్రపు పాయ పక్కన చిన్న రేవు. ముత్యాల వేటే బతుకుతెరువు. గల్ఫ్ ముత్యాలకు మన హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఎంత గిరాకీ ఉండేదో మన అమ్మమ్మలు చెప్పేవారు. జపాన్‌వాళ్ళు ముత్యాలను పెంచడం నేర్చాక 1930ల్లో ఆ వ్యాపారం దెబ్బతింది. 1966లో చమురు దొరికింది. అయితే పక్కనున్న అబుదాబికి దొరికినంత కాదు. ఉన్న కాస్త డబ్బూ తిని కూర్చోకుండా పాలకుడు షేక్ రషీద్ రేవులు కట్టించాడు. 1972లో రషీద్ రేవు, 1979లో జెబెల్ అలీ రేవు, అదే ఏడు 39 అంతస్తుల వరల్డ్ ట్రేడ్ సెంటర్ వచ్చాయి. అప్పట్లో ఆ భవనం చుట్టూ ఇసుక తప్ప ఇంకేమీ లేదు. ఇంత దూరంలో ఎవరుంటారని నవ్వినవాళ్ళూ ఉన్నారు.

1968 లెక్కల్లో దుబాయ్ జనాభా 60 వేలు కూడా లేదు. ఇప్పుడు 36 లక్షలు దాటింది. అందులో అక్కడి పౌరులు పదిమందిలో ఒక్కరే. మిగతా వాళ్ళంతా బయటి నుంచి వచ్చినవాళ్ళు. ఇళ్ళు కొనుక్కునే హక్కు విదేశీయులకూ ఇస్తామని 2002లో ప్రకటించాక ఇక చూడాలి! ఖర్జూరపు చెట్టు ఆకారంలో సముద్రంలో ఓ దీవినే కట్టేశారు. అంత ఎడారి పక్కన పెట్టుకుని ఆ దీవికి ఇసుక మాత్రం సముద్రం అడుగు నుంచి తోడుకున్నారు. గాలికి దొర్లి దొర్లి నున్నబడిన ఎడారి ఇసుక ఒకదానికొకటి పట్టుకోదట. మానేరు ఇసుకతో మిద్దెలు కట్టడం తెలిసిన మనవాళ్ళకు ఈ ముచ్చట విడ్డూరంగానే ఉంటుంది.

ఇక బుర్జ్ ఖలీఫా. 2004 జనవరిలో పని మొదలుపెట్టి 2010 జనవరి 4న తెరిచారు. ఎత్తు 828 మీటర్లు. 3,30,000 ఘనపు మీటర్ల కాంక్రీటు, 39,000 టన్నుల ఇనుప కడ్డీలు మింగింది. మన ఇళ్ళలో ఫోన్లుగా, టీవీలుగా కనిపించే శాంసంగ్‌కు చెందిన నిర్మాణ సంస్థే ఆ భవనం కట్టినవాటిల్లో ముఖ్యమైనది. ఎండాకాలంలో పగటి వేడికి కాంక్రీటు పగుళ్ళు బారుతుందని రాత్రిపూట, మంచుగడ్డలు కలిపి పోసేవారు. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక్కరోజే 12,000 మంది అక్కడ పనిచేశారు. కాంక్రీటుకు ఎండ తగలకూడదని అంత జాగ్రత్త! పోసేవాళ్ళ సంగతో? ఎండాకాలం మధ్యాహ్నపు వేళ బయటి పని ఆపాలన్న నిబంధన 2005లో గానీ రాలేదు. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆ విరామం ఉంది.

క్యాసెట్లో మొగుడి గొంతు

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి, పక్కనున్న నిజామాబాద్ నుంచి మగవాళ్ళు గల్ఫ్ బాట పట్టడం 1970ల చివర్లోనే మొదలైంది. బావుల్లో నీళ్ళు అడుగంటడం ఒక కారణం, ఊళ్ళల్లో గొడవలు ఇంకో కారణం. సిరిసిల్లలో మగ్గాలు ఆగినప్పుడు నేత పనివాళ్ళూ వెళ్ళారు. నిర్మల్, ఖానాపూర్, లక్షెట్టిపేట... ఏ ఊరెళ్ళినా వాడకట్టుకు నలుగురు ‘దుబాయ్ పోయినోళ్ళు’ ఉంటారు. వాళ్ళు మస్కట్‌లో ఉన్నా, కువైట్‌లో ఉన్నా మనవాళ్ళకు అన్నీ దుబాయే.

మా వదినె కథ చెబుతాను. వరసకు మా పెద్దమ్మ కోడలు. అన్న సెంట్రింగ్ పనిలో హెల్పర్‌గా 1994లో వెళ్ళాడు. అప్పటికి చిన్నోడికి ఎనిమిది నెలలు. ఊళ్ళో ఫోను లేదు. ఉత్తరం రావడానికి పదిహేను రోజులు. వదినెకు చదువు రాదు. ఉత్తరం చదివి పెట్టమని ఎవరినో ఒకరిని అడగాలి. మొగుడు రాసిన మాటలు మరిది నోటా, పక్కింటి పిల్ల నోటా వినడం ఎంత ఇబ్బందో ఆలోచించండి! అందుకే క్యాసెట్లొచ్చాయి. సెలవు మీద ఎవరైనా వస్తుంటే అన్న తన గొంతు రికార్డు చేసి పంపేవాడు. ‘మంచిగున్నవా? పోరడు నడుస్తుండా? అవ్వకు దవాఖానల చూపిచ్చు...’ అంటూ అరగంట. వదినె తలుపేసుకుని వినేది. తిరిగి తను మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం టేపు ముందు కూర్చుని ఏడుపే. రెండువైపులా ఏడుపు నింపిన క్యాసెట్ ఒకటి ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది!

డబ్బు డ్రాఫ్టు రూపంలో వచ్చేది. పోస్టుమ్యాన్ వాకిట్లోకి రాగానే ఇంట్లో అందరి చూపూ కవరు మీదే. పేరెవరిది? మామదా, మరిదిదా, కోడలిదా? ఆ ఒక్క పేరు మీద ఎన్ని ఇళ్ళల్లో అత్తాకోడళ్ళకు మాటలు ఆగిపోయాయో లెక్కలేదు. వదినెకు మొదటి ఐదేళ్ళూ తన పేరు మీద ఒక్క డ్రాఫ్టు రాలేదు. ఉప్పూ, పప్పూ, పిల్లల పుస్తకాలూ అన్నీ తన బీడీల పైసలతోనే. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. దుబాయ్ సొమ్ముతో ఇళ్ళు లేచాయని అందరూ అంటారు గానీ, అక్కడి జీతం అప్పుకే పోతుంటే ఇక్కడ పొయ్యి వెలిగించింది ఈ బీడీలే. ఈ మాట ఎవరూ రాయరు.

అప్పు సంగతి కూడా చూద్దాం. 2006లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ ఆ దేశంలోని భవన నిర్మాణ కార్మికులపై ఓ నివేదిక తెచ్చింది. వాళ్ళ సగటు జీతం నెలకు 175 డాలర్లు. అంటే అప్పటి మన లెక్కలో ఎనిమిది వేల రూపాయలకు దగ్గరగా. వీసా ఖర్చు యజమానే భరించాలని అక్కడి చట్టం చెబుతున్నా ఏజెంట్లు పనివాళ్ళ దగ్గరే వసూలు చేస్తున్నారని, పాస్‌పోర్టులు కంపెనీలు దగ్గర పెట్టుకుంటున్నాయని ఆ నివేదిక రాసింది. లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు మూడు వేలు వడ్డీకే. తిండికి, గదికి పోను మిగిలింది ఇంటికి పంపితే అసలు తీరేదెప్పుడు? రెండేళ్ళ వీసా అయిపోయే నాటికి అప్పు తీరితే అదే గొప్ప. ఇక సంపాదన అంతా రెండో విడతలోనే. అందుకే ఒక్కసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళతారు. ఇక ఏజెంటు చేసిన మోసం వల్ల కంపెనీ వదిలి బయట పనిచేసుకునేవాళ్ళను ‘కల్లివెల్లి’ అంటారు. వాళ్ళకు కాగితాల్లేవు. పోలీసు కనిపిస్తే పరుగు. తల్లి చనిపోయినా రాలేరు.

ఆమే మేస్త్రీ!

2007లో అన్న ఇల్లు మొదలుపెట్టమన్నాడు. అన్న పదమూడేళ్ళు పరాయివాళ్ళ ఇళ్ళకు సెంట్రింగ్ కొట్టాడు. తన ఇంటికి మాత్రం మేస్త్రీని వదినే మాట్లాడుకుంది. ట్రాక్టరు ఇసుక ఎంత, కంకర ఏ సైజుది, సిమెంటు బస్తాకు ఎన్ని తట్టల ఇసుక కలపాలి... అన్నీ నేర్చింది. పంచాయతీ కాగితం తనే తెచ్చుకుంది. బ్యాంకులో ఖాతా తన పేరు మీద తెరిచింది. సంతకం నేర్చింది. గోడ వంకరపోతే కూలగొట్టించి మళ్ళీ కట్టించింది కూడా. అత్త నోరెళ్ళబెట్టింది.

2009 నాటికి గోడలు సజ్జ దాకా వచ్చాయి. అప్పుడే దుబాయ్ కుదేలైంది. అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం అక్కడికీ పాకింది. భూముల ధరలు పడిపోయాయి, క్రేన్లు ఆగిపోయాయి. ఆ ఏడు నవంబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్, అప్పుల చెల్లింపు వాయిదా వేయమని అడిగింది. అబుదాబి ఆదుకుంది. 2010లో ఆ పెద్ద మేడ తెరిచిన రోజున ‘బుర్జ్ దుబాయ్’ పేరు కాస్తా అబుదాబి పాలకుడి పేరు మీద ‘బుర్జ్ ఖలీఫా’ అయింది. ఆ వార్త మనం పేపర్లో బొమ్మతో సహా చూశాం. దాని వెనకే ఎన్ని వేలమంది పని పోయి ఇళ్ళకు చేరారో మన పల్లెలకే తెలుసు. అన్నా అలాగే వచ్చేశాడు. వదినె కట్టించిన గోడల మధ్య మూడు వానాకాలాలు గడ్డి మొలిచింది. స్లాబ్ పడింది 2012లో. బీడీ పైసలు, మహిళా సంఘం అప్పు, అన్న కరీంనగర్‌లో అపార్ట్‌మెంట్ల పనికి వెళ్ళి తెచ్చిన కూలి... అన్నీ కలిస్తేనే.

పెట్టె అంటే భయం

ఒకప్పుడు ‘పెట్టె వచ్చింది’ అంటే వాడకట్టంతా సంబరం. సెంటు సీసాలు, టైగర్‌బామ్, ఖర్జూరం, నైలాన్ చీరలు! ఇప్పుడా మాటంటే మన ఊళ్ళల్లో గుండె ఝల్లుమంటుంది. శంషాబాద్ విమానాశ్రయం నుంచి అంబులెన్సులో వచ్చే చెక్కపెట్టె అది. గుండెపోటు, రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య... కారణం ఏదైనా కాగితాలు తెమలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంతవరకూ ఇక్కడ పొయ్యి వెలగదు. బొట్టు తియ్యాలా వద్దా అన్న దగ్గర మొదలై బంధువుల మాటలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

బతికే ఉన్నా రానివాళ్ళూ ఉన్నారు. ఓ హత్య కేసులో శిక్షపడి దుబాయ్ జైల్లో మగ్గిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు 2024 ఫిబ్రవరిలో ఇంటికొచ్చారు. 18 ఏళ్ళ తర్వాత! అన్నేళ్ళూ వాళ్ళ భార్యలు ఏమని పరిచయం చేసుకుని ఉంటారు? వితంతువులు కారు, మొగుడు తోడున్నవాళ్ళూ కారు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. కేంద్రం నడిపే ప్రవాసీ భారతీయ బీమా యోజన వేరే ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. కానీ గుండెపోటు ప్రమాదం కాదు కదా, దానికి రావు. నలభై అయిదు డిగ్రీల ఎండలో పనిచేసినవాడి గుండె ఆగిపోతే అది సహజ మరణమట! ఈ లెక్క మాత్రం నాకు మింగుడుపడదు.

మీ ఇంట్లో ఎవరైనా బయల్దేరుతుంటే, బట్టలు సర్దేముందు కాగితాలు చూడండి. పదో తరగతి పాసు కానివాళ్ళకు పాస్‌పోర్టులో ‘ఇసిఆర్’ ఉంటుంది, ఎమిగ్రేషన్ అనుమతి తీసుకునే వెళ్ళాలి. చేతికిచ్చింది విజిట్ వీసా అయితే అది పనికి కాదు, చూసి రావడానికి! ‘పోయినంక మార్చుకోవచ్చు’ అన్న ఏజెంటు మాట నమ్మి కల్లివెల్లి అయినవాళ్ళు ఎందరో. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ‘ఇ-మైగ్రేట్’ వెబ్‌సైటులో తెలుస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే రెండు నిమిషాల పని. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద జిఎస్‌టి. అంతకుమించి ఎంతడిగినా రశీదు ఇవ్వడు, అదే గుర్తు. బీమాలో నామినీగా ఎవరి పేరు రాశారో అడగండి. అడిగితే అపశకునం అనుకోకండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు మీ దగ్గరే ఉండాలి. మామగారి సంచిలో కాదు, మీ పెట్టెలో. ఇంటి జాగా రిజిస్ట్రేషన్‌లో మీ పేరూ ఉందేమో చూసుకోండి.

మా వదినె చిన్నోడికి ఇప్పుడు ముప్పై దాటాయి. వాడూ దుబాయ్ పోతానని నిరుడు మొదలుపెట్టాడు. అన్న ఏమీ అనలేదు. మోకాళ్ళు పట్టుకుపోయి అరుగు మీద కూర్చున్నాడు. వదినె మాత్రం ఏజెంటును ఇంటికి పిలిపించింది. చాయ్ ఇచ్చి, ‘కాగితాలు ఈడ పెట్టు బిడ్డా, మా ఆడిబిడ్డకు ఫొటో తీసి పంపుత, ఆమె చదివినంకనే పైసలు’ అంది. నా ఫోనుకు వచ్చిన ఆ ఫొటోలో ఉన్నది అరవై రోజుల విజిట్ వీసా. ఆ మాటే చెప్పాను. ఏజెంటు చాయ్ గ్లాసు సగంలోనే వదిలి వెళ్ళిపోయాడట. చిన్నోడు తల్లితో నెలరోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ‘అత్తా, కంపెనీ వీసా వస్తే చూస్తవా?’ అని నాకు రోజూ ఫోను చేస్తున్నాడు.