పడని తిండి



"బర్రెకు మేత పడకుంటే పొద్దుగూకేలోపల తెలుస్తది సారూ. పిల్లగానికి తిండి పడత లేదని తెలిసేటందుకు మాకు నాలుగేండ్లు పట్టింది." ఈ మాట అన్నది ఒక ముసలమ్మ. 2024 ఫిబ్రవరిలో జహీరాబాదు వైపు ఒక గ్రామంలో మూడు రోజులు కుటుంబ పోషకాహార శిబిరం జరిగినది. తిండి పడనివారున్న ఇండ్లవారిని పిలిచినారు. ఒక్క రోగిని పిలిస్తే చాలదు. వండేవారు, వడ్డించేవారు, సంతకు పోయి సరుకు తెచ్చేవారు అందరూ రావలెనని నియమం. ధాన్యం, పప్పులు, కట్టెలు సమకూర్చే పని నాకు అప్పగించినారు. పని చేయడానికని పోయి పాఠం నేర్చుకొని వచ్చినాను. ఆ సంగతే ఈనాడు మీకు చెప్తాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోవలెను. మన వాడుకలో "పడదు" అన్న ఒక్క మాటలో రెండు మూడు వేరు వేరు జబ్బులు కలిసిపోతున్నవి. వేరుశనగ గింజ తిన్న వెంటనే, లేదా రొయ్యల కూర తిన్న వెంటనే దద్దులు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడకపోతే అది అలర్జీ. అది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవలెను. ఆ పదార్థాన్ని మళ్లీ "కొంచెం పెట్టి చూద్దాం" అనరాదు. నేను చెప్పబోయేవి మరి రెండు: పాలు అరగకపోవడం, గోధుమ పడకపోవడం.

పాల సంగతి తేలికగా ముగిస్తాను. పాలలో ఒక చక్కెర ఉన్నది. ఆవు పాలైనా బర్రె పాలైనా 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములు. దానిని విడగొట్టడానికి చిన్నప్రేగులో లాక్టేజ్ అనే రసం ఊరుతుంది. పసితనంలో సమృద్ధిగా ఊరి, పాలు మానిన తరువాత చాలామందిలో తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దప్రేగుకు చేరి అక్కడ పులుస్తుంది. అందుచేత ఉబ్బరం, గడబిడ, విరేచనాలు. ఇది లోపలి అవయవం చెడిపోయే జబ్బు కాదు. చాలామంది ఒక గ్లాసు పాలు, అంటే 10 గ్రాముల చక్కెర, అన్నంతో పాటుగా తీసుకుంటే తట్టుకోగలరు. పెరుగులో ఆ చక్కెర కొంత పులుపుగా మారిపోతుంది, తోడు సూక్ష్మజీవులే మిగతా దానిని అరిగించడంలో సాయపడతాయి. నెయ్యిలో దాదాపు ఉండనే ఉండదు. శిబిరంలో ఒక పాడి రైతు, ఇంట్లో నాలుగు బర్రెలున్న ఆసామి, "నేను పాలు తాగితే నలుగురిలో కూర్చోలేను" అని సిగ్గుపడుతూ చెప్పినాడు. ఆయనకు మజ్జిగ, పెరుగు ఇచ్చినారు. మూడు రోజులూ ఏమీ కాలేదు. పాలు బొత్తిగా పడనివారికి రాగులున్నవి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. అంతే ఆవు పాలలో 120 వరకు మాత్రమే. ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను: బిడ్డకు విరేచనాలు పట్టినవని తల్లిపాలు మాన్పించకండి.

ఇక గోధుమ. దీనిని కొంచెం విడమరచి చెప్పవలెను.

జొన్నపిండిని ఉడుకు నీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టి రొట్టె చేస్తారు. గోధుమపిండికి ఆ అవస్థ లేదు. చన్నీళ్లతో కలిపినా సాగుతుంది, పూరీగా వత్తితే విరగదు. ఆ సాగే గుణం గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల వచ్చినది. కొందరి శరీరం ఆ గ్లూటెన్‌ను శత్రువుగా ఎంచి పోరాటం మొదలుపెడుతుంది. ఆ పోరులో దెబ్బ తినేది తన చిన్నప్రేగే. మొక్క వేరుకు సన్నని నూగు ఉంటుంది కదా, నీరూ పోషకాలూ పీల్చేది ఆ నూగే. మన ప్రేగు లోపల కూడా అటువంటి నూగే ఉన్నది. గ్లూటెన్ పడనివారిలో అది అరిగి చదునైపోతుంది. వేరునూగు పోయిన మొక్కకు ఎన్ని బస్తాల ఎరువు వేసి ఏమి లాభం? ఆ పిల్లవానికి ఎన్ని గుడ్లు పెట్టినా, ఎన్ని ఇనుము మాత్రలు మింగించినా ఒంటికి పట్టదు. పొట్ట ముందుకు వస్తుంది, కాళ్లు పుల్లలవుతాయి, ఎత్తు పెరగడు. పెద్దవారిలో విరేచనాలు లేకుండా ఎంతకూ తగ్గని రక్తహీనతగానే కనిపించవచ్చును. దీనిని సీలియాక్ వ్యాధి అంటారు. గోధుమ ప్రధానాహారమైన ఉత్తరాది రాష్ట్రాలలో ఎక్కువ, మన దక్షిణాదిలో తక్కువ. తక్కువ గనుకనే మనవారికి తొందరగా అనుమానం రాదు.

గోధుమే కారణమని తేల్చినది హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె. ఆయనకు అనుమానం ముందునుంచే ఉన్నది. 1944–45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుండగా ఈ జబ్బు పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన దీనిమీద సిద్ధాంత గ్రంథం సమర్పించినాడు.

ఆ ముసలమ్మ మనుమనికి ఆరేండ్లు. తండ్రి యాసంగిలో జొన్న, శనగ, కుసుమ వేసి, ఇంటి తిండికని అరెకరం గోధుమ వేస్తాడు. దిష్టి తీయించినారు, తాయెత్తు కట్టించినారు, ఊరు మార్చి చూచినారు. "తల్లి సరిగా పెట్టడం లేద"ని ఆ కోడలు పడిన మాటలు వేరే చెప్పనక్కరలేదు. చివరకు పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి, ప్రేగు ముక్క తీసి చూచి చెప్పినారు. గోధుమ మాన్పించినారు, కాని నాలుగు నెలలైనా పూర్తిగా తేరుకోలేదు. ఎందుకో శిబిరంలో బయటపడింది. అది బయటపెట్టిన ఘనత నా పొరపాటుది.

రెండవ రోజు పొద్దున నేను పది కిలోల జొన్నలు ఊరి పిండిమరలో పట్టించి తెచ్చినాను. పోషకాహారం చెప్పే అమ్మగారు సంచి విప్పకుండానే, "మీకంటే ముందు ఎవరు పట్టించుకున్నారు?" అని అడిగినారు. గోధుమలే! మర రాళ్ల గాడులలో మిగిలిన పిండి నా జొన్నపిండిలోకి దిగింది. ఆ పిండి ఆ పిల్లవానికి పనికిరాదన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. డిప్లొమా చదివినవాణ్ణి, విత్తనం కల్తీ గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి! అప్పుడా తండ్రి నెమ్మదిగా లేచి, "మేమూ గాడనే పట్టిస్తున్నం సారూ" అన్నాడు. అక్కడితో ముడి విడింది.

అందుచేత ఇటువంటి ఇంట్లో జాగ్రత్త కళ్లం దగ్గరనుంచే మొదలు కావలెను. గోధుమ నూర్చిన కళ్లం ఊడ్చి కడగకుండా జొన్న నూర్చరాదు. గోధుమ పోసిన గోనెసంచిలో ఆ బిడ్డ తిండిగింజలు పోయరాదు. మరలో పొద్దున్నే మొదటగా పట్టించినా పూర్తి భరోసా లేదు. ఇంట్లో మూలపడ్డ ఇసుర్రాయిని కడిగి ఆ బిడ్డ పిండికే కేటాయించడం మేలు. పెనం, జల్లెడ కూడా వేరుగా ఉంచండి.

పేరు మార్చుకొని వచ్చే గోధుమతో మరీ జాగ్రత్త. మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బిస్కట్టు అన్నీ గోధుమే. అంగట్లో అమ్మే ఇంగువ పొడిలో తరచు మైదా కలుపుతారు. జ్వరం వస్తే తాగించే బార్లీ నీళ్లలోనూ గ్లూటెన్ ఉన్నది. ఖప్లీ గోధుమ పాతరకం కనుక పడుతుందని కొందరంటారు, అది పొరపాటు. అంగన్‌వాడీలో ఇచ్చే పొడుల పొట్లం మీది పట్టిక తప్పక చదివించుకోండి. గోధుమ ఉంటే టీచరుకు ముందే చెప్పండి.

తినదగినవి మన చేలలోనే ఉన్నవి: జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మక్క, వరి, అన్ని పప్పులు. పండుగ వచ్చినప్పుడు పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టనవసరం లేదు. సంక్రాంతి సకినాలు బియ్యప్పిండివి, సర్వపిండి బియ్యానిదే, గారెలు మినుములవి. బతుకమ్మకు మలీద సజ్జరొట్టెతో చేయవచ్చును. ఉగాది బచ్చాలొక్కటే చిక్కు.

విస్తరణ మిత్రులకు ఒక మాట. అనుమానం రాగానే మనమే వైద్యులమై "గోధుమ మానెయ్యండి" అనరాదు. మానిన తరువాత పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్లు రావచ్చును. గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించవలెను. జబ్బు తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా చేయించడం మంచిది. తేలిన తరువాత గోధుమ మానడం జీవితాంతం. కోలుకున్నాడు కదా అని మళ్లీ పెట్టరాదు. మీరు చేయగలిగినది ఒకటున్నది: ఇంటివారిచేత పది రోజుల తిండి పుస్తకం రాయించండి. ఏ పూట ఏమి తిన్నాడు, కడుపు ఎట్లున్నది, అంతే. వైద్యుడు దానిని చూచి సగం ప్రశ్నలు మానుకుంటాడు.

అరెకరం గోధుమ తీసివేయాలా అని ఆ తండ్రి అడిగినాడు. అమ్ముకోవడానికైతే వేసుకో, ఇంటికి తేవద్దు అన్నాను. ఆ యేడు యాసంగిలో ఆయన ఆ చెక్కలోనూ జొన్నే వేసినాడు. 2025 సంక్రాంతికి వారింటికి పోయినాను. పిల్లవాడు మునుపు కట్టిన నిక్కరు నడుము దగ్గర బిగుతైందని తల్లి చూపించింది. నేను ఊరకే పోరాదని కిలో జొన్నపిండి పట్టుకొని పోయినాను. ముసలమ్మ సంచి అందుకోలేదు.

"ఏ మరల పట్టిచ్చినవు సారూ?" అన్నది.