జిడ్డు వదిలించే ద్రవం: ట్రైక్లోరో ఎథిలీన్

హైదరాబాదు బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, కోయంబత్తూరు, లూథియానాల్లోనో ఒక చిన్న వర్క్‌షాపును ఊహించుకోండి. లేతు మీంచి దిగిన ఇనుప ముక్కలన్నీ నూనె ఓడుతూ ఉంటాయి. వాటికి ప్లేటింగ్ చేయాలన్నా, రంగు కొట్టాలన్నా ముందు ఆ జిడ్డు పూర్తిగా పోవాలి. ఒక కుర్రవాడు వాటిని తీగబుట్టలో వేసి, ఒక తొట్టిలోకి దించి, రెండు మూడు నిమిషాల తరువాత పైకి తీస్తాడు. ముక్కలు తళతళలాడుతూ, పొడిగా, వేడిగా బయటికి వస్తాయి. తుడవనక్కర లేదు, ఆరబెట్టనక్కర లేదు. తొట్టి దగ్గర కాస్త తియ్యగా, క్లోరోఫారాన్ని తలపించే వాసన. సాయంత్రానికి ఆ కుర్రవాడికి తల దిమ్ముగా ఉంటుంది. నిద్ర చాలకనో, ఎండ వల్లనో అనుకుంటాడు.

ఆ తొట్టిలోని ద్రవం పేరు ట్రైక్లోరో ఎథిలీన్. పనిచోట టీసీఈ అంటారు. రెండు కార్బన్, ఒక హైడ్రోజన్, మూడు క్లోరిన్ పరమాణువులు గల చిన్న అణువు ఇది. నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. 87 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. గ్రీజు, నూనె, మైనం, తారు ఇందులో ఇట్టే కరిగిపోతాయి. పెట్రోలు, కిరోసిన్ కూడా జిడ్డును కరిగిస్తాయి గాని వాటితో నిప్పు భయం. టీసీఈకి మామూలు పరిస్థితుల్లో నిప్పంటుకోదు. ఇది సురక్షితమైన ద్రావణి అని చాలాకాలం అనుకోవడానికి కారణం అదే. నిప్పు మట్టుకు చూస్తే ఆ మాట తప్పేమీ కాదు.

తొట్టి పనిచేసే తీరు తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో మీకే అర్థమవుతుంది. అడుగున ద్రవాన్ని మరిగిస్తారు. దాని ఆవిరి గాలికంటే నాలుగున్నర రెట్లు బరువు కనుక పైకి ఎగిరిపోకుండా తొట్టిలోనే మేఘంలా నిలిచి ఉంటుంది. పై అంచుకు కొంత కిందుగా గోడల చుట్టూ చన్నీళ్ళు పారే గొట్టాలుంటాయి. అక్కడికి చేరిన ఆవిరి చల్లబడి ద్రవమై మళ్ళీ కిందికి కారుతుంది. చల్లని ఇనుప ముక్కను ఈ మేఘంలోకి దించితే ఆవిరి దాని మీద చెమ్మలా పట్టి, జిడ్డును కరిగించుకుని బొట్లు బొట్లుగా అడుగుకు చేరుతుంది. ముక్క కూడా 87 డిగ్రీలకు వేడెక్కిందా, చెమ్మ పట్టడం ఆగిపోతుంది. పని అయిందన్నమాట. ఆ వేడికి నూనె ఆవిరి కాదు, అడుగునే ఉండిపోతుంది. కాబట్టి పైనున్న ఆవిరి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ముచ్చటైన ఏర్పాటే.

కాని ఆ మేఘాన్ని తొట్టిలో పట్టి ఉంచేది రెండే రెండు: దాని బరువు, చన్నీళ్ళ గొట్టాలు. వేసవిలో నీళ్ళు రాక గొట్టాలు వేడెక్కితే మేఘం అంచు దాటి పొంగుతుంది. దగ్గరలో ఫ్యాను పెడితే, అంటే చల్లగా ఉంటుందని పనివాడే పెట్టుకుంటాడు పాపం, అది మేఘాన్ని చెదరగొట్టి అతని మొహానికే తెస్తుంది. బుట్టను విసురుగా లాగితే బావిలోంచి చేద లాగినప్పుడు నీళ్ళు చిందినట్టు ఆవిరి వెంట వస్తుంది. బుట్టను నిమిషానికి 11 అడుగులకు మించిన వేగంతో కదపరాదని అమెరికా నియమాలు చెప్పడంలోని అర్థం ఇదే. ఇక చాలా చిన్న షెడ్లలో ఈ మాత్రం తొట్టి కూడా ఉండదు. ఒక బకెట్టు, ఒక గుడ్డపేలిక, అంతే.

ఎంత ఆవిరి ప్రమాదం? ఒక చిన్న లెక్క వేద్దాం. 100 మిల్లీలీటర్ల టీసీఈ, అంటే ఒక టీ గ్లాసెడు, ఆరిపోతే సుమారు 27 లీటర్ల ఆవిరి అవుతుంది. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల షెడ్డులో 300 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆ గ్లాసెడు ద్రవం ఆ గాలిలో సమంగా కలిస్తే పది లక్షల భాగాలలో 90 భాగాలవుతుంది. దీన్నే 90 పి.పి.ఎం. అంటారు. 8 గంటల పనికి సగటున 10 పి.పి.ఎం. మించరాదని ఏ.సి.జి.ఐ.హెచ్. అనే అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సిఫారసు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో మన ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన పట్టికలో ఈ హద్దు 50 పి.పి.ఎం. ఏ హద్దుతో పోల్చినా ఒలికిన ఒక టీ గ్లాసే ఎక్కువ.

వాసన వస్తుంది కదా, జాగ్రత్త పడవచ్చు కదా అంటారేమో. వాసనను నమ్మకండి. చాలామంది ముక్కుకు ఆ వాసన తెలిసేసరికే 10 పి.పి.ఎం. దాటిపోయి ఉంటుంది. పైగా కాసేపటికి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.

తల దిమ్ము ఎందుకో ఇప్పుడు చూద్దాం. టీసీఈ ఒకప్పుడు మత్తుమందు. 1940ల నుంచి బ్రిటన్‌లో ట్రైలీన్ అనే పేరుతో, క్లోరోఫారంతో పొరబడకుండా నీలం రంగు కలిపి, ఆపరేషన్లకూ పురిటి నొప్పులకూ వాడారు. దాన్ని పీల్చుకునే చిన్న పరికరాన్ని మంత్రసానులు ఇళ్ళకు పట్టుకెళ్ళేవారు. తొట్టి దగ్గరి పనివాడు కొద్ది మోతాదులో రోజంతా పీలుస్తున్నది ఆ మందునే. శరీరంలోకి చేరిన టీసీఈని కాలేయం ముందు క్లోరల్ హైడ్రేట్‌గా మారుస్తుంది. ఈ పేరు తెలంగాణలో చాలామందికి తెలుసు. కల్లులో మత్తు కోసం కలిపే కల్తీ పదార్థం ఇదే. అది తరువాత ట్రైక్లోరో ఎథనాల్, ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. ఆమ్లం మాత్రం మెల్లగా, రోజుల తరబడి పోతుంది. అందుచేత సోమవారం పీల్చినదాని గుర్తు వారమంతా పోగుపడుతూ వస్తుంది. వారం చివర, పని ముగిశాక మూత్రం పరీక్షిస్తే పనివాడు ఎంత పీల్చాడో అంచనా కట్టవచ్చు. లీటరుకు 15 మిల్లీగ్రాములు దాటితే తొట్టి దగ్గర ఏదో సరిగా లేదన్నమాట.

పని దిగి కాస్త మద్యం పుచ్చుకున్నవారికి అరగంటలో మొహం, మెడ, భుజాలు ఎర్రటి మచ్చలుగా కందిపోయి, గంటకల్లా తగ్గడం కూడా కద్దు. దీనికి వైద్య గ్రంథాల్లో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. మద్యాన్నీ టీసీఈనీ విరగ్గొట్టడానికి కాలేయం చాలావరకు ఒకే ఎంజైములను వాడుతుంది. రెండూ ఒకేసారి వస్తే పని కుంటుపడి టీసీఈ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది.

ప్రాణాలు పోయేది ఎక్కువగా తొట్టి అడుగు శుభ్రం చేసేటప్పుడు. మామూలు గది వేడిలోనే, మూసి ఉన్న తొట్టిలో టీసీఈ ఆవిరి గాలిలో నూటికి 9 పాళ్ళ వరకు, అంటే 90,000 పి.పి.ఎం. దాకా చేరగలదు. 1,000 పి.పి.ఎం. చాలు, వెంటనే ప్రాణాపాయమని నిపుణులు లెక్కిస్తారు. మడ్డి గోకడానికి దిగినవాడు నాలుగు ఊపిరులకే తూలి పడిపోతాడు. అతన్ని లాగబోయి రెండోవాడు దిగుతాడు. అతనూ పడిపోతాడు. గాలి మోసుకెళ్ళే ముసుగు, నడుముకు తాడు, పైన మనిషి – ఈ మూడూ లేకుండా ఎవరూ దిగరాదు, అన్నదమ్ముడే పడిపోయినా సరే. ఇంకో సంగతి: ఈ మత్తులో ఉన్న గుండె ఎడ్రినలిన్‌కు అతిగా స్పందించి లయ తప్పుతుంది. అందుకే మత్తెక్కినవాణ్ణి బయటి గాలిలో పడుకోబెట్టాలి గాని నడిపించకూడదు. ఏ ద్రవం పీల్చాడో డాక్టరుకు ముందే చెప్పాలి. ఎడ్రినలిన్ ఇంజెక్షను విషయంలో ఆయన జాగ్రత్త పడవలసి ఉంటుంది.

కొత్తగా పనిలో చేరినవారికి మరొక ముప్పుంది. దీని గురించి మన దగ్గర డాక్టర్లకు కూడా అంతగా తెలియదని నాకనిపిస్తుంది. పనిలో చేరిన రెండు నుంచి ఐదు వారాల మధ్య జ్వరం, ఒళ్ళంతా ఎర్రటి దద్దురు, మెడలో బిళ్ళలు, కాలేయం వాపు. చర్మం పొరలుగా ఊడిపోవచ్చు. కొందరు చనిపోతారు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్, లోహపు సామాను ఫ్యాక్టరీలు వెలసిన చోట ఈ కేసులు చాలా బయటపడ్డాయి. థాయిలాండ్, ఫిలిప్పీన్స్‌లోనూ కనిపించాయి. చూడటానికి అచ్చం మందు పడక వచ్చిన దద్దురులాగే ఉంటుంది కాబట్టి డాక్టరు అంతకుముందు మింగిన మాత్రల గురించి అడుగుతాడు గాని తొట్టి గురించి అడగడు. తగ్గాక మళ్ళీ అదే పనికి పంపితే జబ్బు తిరగబెడుతుంది. ఇది అందరికీ రాదు. హెచ్.ఎల్.ఎ.-బి*13:01 అనే జన్యురూపం ఉన్నవారిలో ఎక్కువని తేలింది. విచిత్రమేమంటే, కుష్ఠు చికిత్సలో వాడే డాప్సోన్ మందు పడనివారిలోనూ ఇదే జన్యురూపం ముఖ్య కారణమని 2013లో చైనా పరిశోధకులు కనుగొన్నారు. కొత్త కుర్రవాడికి మొదటి నెలలో జ్వరంతో దద్దురు వచ్చిందంటే ఆ రోజే పని మాన్పించి ఆసుపత్రికి పంపాలి.

ఏళ్ళ తరబడి పీల్చినవారి సంగతి వేరు. టీసీఈలో కొద్ది భాగం కాలేయంలో గ్లూటాథయాన్ అనే పదార్థంతో కలిసి, వేరే దారిలో మూత్రపిండాలకు చేరి, అక్కడ కణాలను దెబ్బతీసే రూపం పొందుతుంది. 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. బలమైన సాక్ష్యం మూత్రపిండాల క్యాన్సరుకే. మెదడు విషయం ఈ మధ్యదే. అమెరికాలోని కాంప్ లెజూన్ సైనిక స్థావరంలో 1953 నుంచి 1987 దాకా తాగేనీరు టీసీఈ, మరికొన్ని ద్రావణులతో కలుషితమైంది. అక్కడ పనిచేసినవారికి పార్కిన్‌సన్ వ్యాధి, మంచినీరున్న మరో స్థావరం వారికంటే 70 శాతం ఎక్కువగా వచ్చిందని 2023లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. యూరప్‌లో 2016 ఏప్రిల్ నుంచి ప్రత్యేక అనుమతి లేనిదే దీన్ని వాడరాదు. అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో నిషేధపు ఉత్తర్వు జారీ చేసింది గాని, కోర్టు వివాదాల వల్ల అందులో కొన్ని భాగాల అమలు వాయిదా పడింది.

మన దేశంలో కథ కొంత తిరగబడింది. ఓజోన్ పొరకు చేటని కార్బన్ టెట్రాక్లోరైడ్ వంటి ద్రావణులను 2010 నాటికి మానిపించినప్పుడు, వాటి స్థానంలో అనేక చిన్న యూనిట్లకు అందివచ్చింది టీసీఈయే. ఇది గాలిలో కొద్ది రోజులకే విరిగిపోతుంది కనుక ఓజోన్ దాకా వెళ్ళదు.

వర్క్‌షాపు యజమానులు, పనివాళ్ళు గమనించవలసినవి కొన్ని. తొట్టికి మూత ఉండాలి, వాడనప్పుడల్లా మూయాలి. ఆవిరిని లాగే గొట్టం తొట్టి అంచు వెంబడి ఉండాలి; పైకప్పులోని ఎగ్జాస్టు ఫ్యాను బరువైన ఆవిరిని మొహం మీదుగా పైకి లాగుతుంది. వెల్డింగును దగ్గరకు రానివ్వకండి. ఆ వేడికీ అతినీలలోహిత కిరణాలకూ ఆవిరి విరిగి ఫాస్జీన్ పుడుతుంది. భోపాల్ ఫ్యాక్టరీలో మిథైల్ ఐసోసైనేట్ తయారీకి వాడిన విషవాయువే అది. తొట్టి దగ్గర బీడీ కూడా పనికిరాదు. మొహానికి కట్టిన రుమాలు ఆవిరిని ఆపదు, యాక్టివేటెడ్ కార్బన్ నింపిన ముసుగు కావాలి. మామూలు రబ్బరు చేతితొడుగుల్లోంచి ద్రవం నిమిషాల్లో లోపలికి దిగుతుంది. గ్రీజు చేతులు ఇందులో కడుక్కోవడం మానండి. అడుగు మడ్డిని షెడ్డు వెనక పారబోయకండి. అది నీటికంటే బరువు కనుక భూగర్భజలం అడుగుదాకా దిగి, ఏళ్ళ తరబడి బోరునీళ్ళలోకి ఊరుతూనే ఉంటుంది.

అసలు టీసీఈ లేకుండా కుదరదా అంటే, చాలా పనులకు కుదురుతుంది. వేడి కాస్టిక్ సోడా, డిటర్జెంటు కలిపిన నీళ్ళతో కడిగి, వేడిగాలితో వెంటనే ఆరబెడితే ఇనుప ముక్కలు తుప్పు పట్టవు. అల్యూమినియంకు కాస్టిక్ పనికిరాదు, దానికి మృదువైన క్షారం కావాలి. ప్లేటింగ్ యూనిట్లలో ఈ క్షారపు తొట్టి ఎలాగూ ఉంటుంది. అయితే పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి: టీసీఈ తడి ఉన్న ముక్కలను నేరుగా వేడి కాస్టిక్‌లో ముంచకూడదు. ఆ రెండూ కలిస్తే డైక్లోరో ఎసిటిలీన్ పుడుతుంది. అది మొహంలోని నాడులను దెబ్బతీస్తుంది. గాలి తగిలితే దానంతటదే అంటుకుంటుంది, పేలనూ వచ్చు.