కాకటీలు పిల్లలకు మేత పెట్టవలసినదెవరు?

ఆస్ట్రేలియా ఖండమునుండి వచ్చి మన ఇండ్లలో చేరిన పెంపుడు పక్షులలో కాకటీలు ఒకటి. తలపై ఈకల కుచ్చు, చెక్కిళ్లపై నారింజవన్నె బొట్లు గల ఈ చిలుకజాతి పక్షిని చూచి ముచ్చటపడని పిల్లలుండరు. రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. విదేశపు పక్షియగు దీనికా నిషేధము లేదు. కాని దీనిని అమ్మువారిలో కొందరు చెప్పు మాటయొకటి మన సోదరీమణులు ఆలోచింపదగినది. పసికూననే తీసికొనిపోయి చేతితో మేత పెట్టినచో అది మనలనే తల్లిగా నెంచునని వారందురు. రెండు మూడు వారముల కూనను, ఒక పొడిడబ్బాను, ఒక సిరంజిని చేతికిత్తురు. పక్షిని కోరునది పిల్లలు. నాలుగైదు గంటలకొకమారు మేత కలుపవలసినది మాత్రము మనము.

గూటిలో ఆ కూనకు జరుగు ఉపచారమును చూడుడు. ఆడుపక్షి సాధారణముగా నాలుగు మొదలు ఆరు గ్రుడ్లు పెట్టును. పగలు తండ్రియు రాత్రి తల్లియు వంతులు వేసికొని సుమారు మూడు వారములు పొదుగుదురు. (పురుషులకు చదివి వినిపింపదగిన సంగతి యిది.) పిల్ల వెలువడిన పిదప ఇరువురును తమ మెడక్రింది సంచిలో గింజలను నానబెట్టి, మెత్తపరచి, తమ యొంటి వెచ్చదనముతోనే దాని నోటికందింతురు. మొదటి దినములలో పలుచగను, పిమ్మట చిక్కగను ఆ మేత మారుచుండును. నాలుగైదు వారములకు పిల్లలు గూడు విడిచినను, తాముగా తిననేర్చువరకు మేత మానరు.

ఈ పనిని మన చేతికి తీసికొన్నప్పుడు కష్టము తెలియును. కలిపిన మేత 102 మొదలు 106 డిగ్రీల ఫారన్‌హీటు వేడిలో నుండవలయును. అంతకు మించెనా, లోపలి సంచి కాలును. ఆ పుండు కొన్ని దినములకు గాని బయటపడదు. మైక్రోవేవు పొయ్యిలో కాచిన మేత పైకి గోరువెచ్చగా దోచినను నడుమనడుమ మరుగుచుండును గావున మఱింత ప్రమాదము. చల్లారినదైనచో సంచినుండి దిగక పులిసిపోవును. ఉగ్గుగిన్నెతో బిడ్డకు పాలుపోయునపుడు పొలమారుట మనమెఱిగినదే. ఇచ్చట సిరంజిని తొందరగా నొక్కినచో మేత ఊపిరితిత్తులలోనికి పోయి కూన ప్రాణమే పోవచ్చును. వెనుకటి మేత చాలవరకు దిగినగాని మరల పెట్టరాదు. ఈకలు రాని పిల్లకు పగలు రాత్రి వెచ్చదనము తప్పక కావలయును. అనుదినము తూచి చూడవలయును. బరువు తగ్గుట ఆపదకు తొలి గుర్తు.

చేతిమేత తినిన పక్షికి మచ్చిక యెక్కువయగుట నిజమే. ఐనను దానికొక మూల్యము కలదు. కాలిఫోర్నియాలో కాకటీలులపై జరిగి 1988లో వెలువడిన పరిశోధనలో, మనుష్యులు పెంచిన మగపక్షులు గూటిపెట్టెను అంతగా చూడనేలేదట. అట్లే పెరిగిన ఆడుపక్షులు గ్రుడ్లను పెట్టెలో గాక తరచు నేలపై పెట్టెనట. గృహస్థధర్మము గూటిలోనే నేర్చుకొనవలసినదేమో!

మఱి మచ్చికకు తల్లిని విడదీయక తప్పదా? తప్పును. కనులు తెఱచిన కొలది దినములనుండి ప్రతిదినము పది పదునైదు నిమిషములు పిల్లను అరచేత వెచ్చగా నుంచుకొని మరల గూటిలో దింపినచో చాలును. అమెజాను చిలుకలపై చేసిన ఇట్టి ప్రయోగమొకటి 1999లో ప్రకటింపబడినది. తల్లిదండ్రుల మేతయే తినిన పిల్లలు మనుష్యులకు జంకలేదు. మా మతము ఈ మార్గమువైపే.

తల్లిదండ్రులు గూటిని విడిచినను, పిల్లల ఈకలను పెరికివేయుచున్నను, కడగొట్టుపిల్లకు వంతు అందక చిక్కిపోవుచున్నను చేతిమేత తప్పనిసరి. కడగొట్టుదానికి రెండుమూడు పూటలు తోడుమేత పెట్టి గూటిలోనే యుంచుట మేలు. మొదటిసారి పెట్టువారు పక్షుల వైద్యునికడనో, ఆరితేరిన పెంపకందారుకడనో కన్నులార చూచి నేర్చుకొనవలయును.

కొనదలచినవారు పిల్లకు సుమారు రెండు నెలలు నిండువరకు ఆగుడు. అంగడిలో కొంతసేపు నిలిచి, అది తానుగా గింజ నొలుచుకొని తినుచున్నదో లేదో చూచిన పిదపనే సొమ్మిండు.