నంబరు మనదే, కారు మనది కాదు

"సార్, మా కారు ఆ రోజంతా ఇంటి ముందే ఉంది. మరి హైదరాబాద్‌లో సిగ్నల్ దాటిందని చలానా ఎలా వచ్చింది?"

రెడ్డిగూడెంలో పదో తరగతికి కాంతి వక్రీభవనం చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు. చలానా మీది ఫొటోలో కారు వాళ్ల కారులాంటిదే. అదే కంపెనీ, అదే తెలుపు, అదే నంబరు. అయినా అది వాళ్ల కారు కాదు. ఎవరో వాళ్ల నంబరు తగిలించుకుని తిరుగుతున్నారు. ఈ ప్రశ్నకు సగం జవాబు మేం చెప్పుకుంటున్న పాఠంలోనే ఉంది.

రాత్రిపూట మీ కారు వెనక ఇరవై అడుగుల దూరంలో నిలబడండి. టార్చిని చెంపకి ఆనించి నంబర్ ప్లేటు మీద వేయండి, ప్లేటు తళుక్కున వెలుగుతుంది. అదే టార్చిని చెయ్యి బారుగా చాపి వేయండి. కాంతి ప్లేటు మీదే పడుతున్నా ఆ తళుకు తగ్గిపోతుంది. టార్చి ఎటు జరిగితే కాంతి అటే తిరిగి పోతోంది, మీ కంటిదాకా వచ్చేది తక్కువ. అద్దమైతే వాలుగా పడిన కాంతిని అవతలి వైపుకి పంపేస్తుంది. ప్లేటు మీది పొర మాత్రం వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది.

ఇలాంటి పొరలు రెండు రకాలు. ఒకదానిలో సన్నని పట్టకాలుంటాయి, రెండోదానిలో కంటికి ఆనని గాజు పూసలు. నాకు పూసలంటేనే ఇష్టం. కిరణం పూసలోకి దిగుతూ వంగుతుంది, వెనక గోడ దగ్గర ఒక బిందువుకి చేరుతుంది, అక్కడున్న అల్యూమినియం పూతకు తగిలి, వచ్చిన దారికి సమాంతరంగా బయటపడుతుంది. చిక్కల్లా గాజుతోనే. మామూలు గాజు వక్రీభవన గుణకం దాదాపు 1.5. ఆ వంపు చాలదు, కిరణాలు కలిసే చోటు పూస దాటి వెనక్కి పోతుంది. గుణకం 2 దగ్గరికి వస్తేనే అది వెనక గోడ మీద పడుతుంది. అందుకే బేరియం, టైటానియం కలిపిన గాజుతో 1.9 గుణకమున్న పూసలు చేస్తారు. వాటి మీద పారదర్శకమైన పొర కప్పితే లెక్క మళ్లీ మారిపోతుంది. అప్పుడు ఇంకా ఎక్కువ గుణకమున్న గాజు కావాలి, పూసకీ పూతకీ మధ్య కొలిచినంత ఎడం ఉంచాలి. అంత చిన్న పూసలో ఇంత కొలత!

నంబర్లు చదివే కెమెరాకి ఈ గుణమే ఆధారం. దాని కటకం పక్కనే పరారుణ దీపం ఉంటుంది, చెంపకి ఆనించిన టార్చిలాగా. రాత్రి చీకట్లోనైనా ప్లేటు తెల్లగా మెరుస్తుంది, నల్లని అక్షరాలు విడిగా తేలతాయి. 1976లో బ్రిటన్ పోలీసు పరిశోధకులు మొదలుపెట్టిన ఈ యంత్రం ఇప్పుడు మన హైవేల మీదా ఉంది.

అయితే అది ప్రధానంగా అంకెలనే చదువుతుంది, ప్లేటు అసలుదా కాదా అని అడగదు. దొంగ నంబరు వాడేవాడికి మన ప్లేటుతో పనిలేదు. అదే మోడల్, అదే రంగు కారు నంబరు ఒకటి చూసి రాసుకుంటే చాలు.

అసలు సంగతి తెలియాలంటే ప్లేటు దగ్గర కూర్చుని చూడాలి. హై సెక్యూరిటీ ప్లేటు 1 మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు. పైన ఎడమవైపు 20 మిల్లీమీటర్ల అశోకచక్రం హోలోగ్రామ్. కింద ఎడమ మూల లేజర్‌తో చెక్కిన సన్నని నంబరు. అది వేలితో తుడిస్తే పోయేది కాదు. ముందు ప్లేటుకీ వెనక ప్లేటుకీ రిజిస్ట్రేషన్ నంబరు ఒకటే అయినా లేజర్ నంబర్లు వేరు, ఆ రెండూ రవాణా శాఖ రికార్డులో మన ఛాసిస్ నంబరుకి ముడిపడి ఉంటాయి. వెనక ప్లేటుకి స్నాప్ లాక్ ఉంటుంది. ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా ఊడదు, విరిగింది మళ్లీ పనికిరాదు. తాళం మన ప్లేటు చేతులు మారకుండా చూస్తుంది. నకలు పట్టించేది మాత్రం లేజర్ నంబరే.

2001లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లోకి ఈ ప్లేట్లను తెచ్చింది. తర్వాత కోర్టు కేసులు, టెండర్ల తగాదాలు. రాష్ట్రాలు జాప్యం చేస్తే సుప్రీంకోర్టు మందలించింది. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బళ్లకు ప్లేట్లు ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీలదే అయింది.

ఇంత తెలివి పెట్టిన ప్లేటుని తనిఖీల్లో వంగి చూసేవాళ్లు తక్కువ కావడం నాకు బాధగా ఉంటుంది. రోడ్డు మీద బండి ఆపినప్పుడు ఆర్‌సీతో పాటు లేజర్ నంబరు కూడా సరిచూస్తే చాలా నకళ్లు అక్కడే దొరుకుతాయి. యజమానులు చేయగలిగిందీ ఉంది. రెండు ప్లేట్ల లేజర్ నంబర్లనూ ఫొటో తీసి దాచుకోండి. కారు అమ్మకానికి ఫొటోలు పెట్టేటప్పుడు ప్లేటు కప్పండి. చేయని తప్పుకి చలానా వస్తే కట్టేయకండి. ఫొటో పెద్దది చేసి, మీ బండికున్న సొట్టలు, స్టిక్కర్లు, చక్రాల మూతలతో పోల్చి తేడాలు రాసుకోండి. ఆ రోజు కారు ఎక్కడుందో చూపే ఫాస్టాగ్ వివరమో సీసీ కెమెరా దృశ్యమో జతచేసి, ఈ-చలానా పోర్టల్‌లో అభ్యంతరం పెట్టండి. పోలీస్ స్టేషన్‌లో కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఆ దొంగ నంబరు కారు ఏదైనా ప్రమాదం చేస్తే మీకు అక్కరకొచ్చేది ఆ రసీదే.