పెరటి కోడికి రాత్రి గండం
మేలుజాతి పిల్లను ఇచ్చినా, టీకా వేసినా గట్టి గూడు లేనిదే దక్కని ఆదాయం

కోళ్ళ పరిశ్రమ అనగానే వేల సంఖ్యలో పక్షులను పెంచే షెడ్లు, లారీలలో తరలిపోయే గుడ్ల అట్టలు, రోజువారీగా ప్రకటించే గుడ్ల ధరలు గుర్తుకు వస్తాయి. వీటికి దూరంగా, పెద్దగా లెక్కకు రాని మరో కోళ్ళ సంపద దేశంలోని పల్లెల పెరళ్ళలో ఉన్నది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని మొత్తం కోళ్ళు, బాతులు తదితర పెంపుడు పక్షులు 85 కోట్లు దాటగా, వాటిలో సుమారు 31.7 కోట్లు పెరటి పక్షులే. 2012 గణనతో పోల్చితే వీటి సంఖ్య దాదాపు 46 శాతం పెరిగింది. అదే కాలంలో ఫారాలలో పెరిగే పక్షుల సంఖ్యలో వచ్చిన పెరుగుదల 4.5 శాతం మాత్రమే.

ఈ పెరటి సంపద చాలావరకు స్త్రీల చేతిలో ఉన్నది. బడి పుస్తకాలకైనా, జ్వరం మందుకైనా, పండుగకు వచ్చే అల్లుడికైనా చేతికి అందేది ఆ పెట్టో పుంజో. పగలంతా పెంటకుప్పల మీద, గడ్డివాముల కింద గింజలు, పురుగులు ఏరుకుతినే నాటుకోడికి మేత ఖర్చు స్వల్పం. ధర మాత్రం బ్రాయిలర్ కోడి కంటె ఎక్కువ పలుకుతుంది. ఇంత లాభసాటి వ్యవహారంలో నష్టమంతా చాలా ఇళ్ళలో ఒక్క రాత్రిలోనే జరిగిపోతున్నది. తెల్లవారి గంప ఎత్తి చూసేసరికి నాలుగు ఈకలు తప్ప మరేమీ మిగలని సందర్భాలు పల్లెలలో కోకొల్లలు.

పెరటి కోళ్ళను బలిగొంటున్న కారణాలలో మొదటి స్థానం కొక్కెర తెగులుదే. ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్ పట్టణం పేరుతో ఈ వ్యాధి మనదేశంలో ప్రసిద్ధమైనది. దానికి టీకా ఉన్నది. ఆ తరువాతి స్థానంలో ఉన్న పిల్లులు, నక్కలు, కుక్కలు, పాముల బెడదకు టీకా లేదు. టీకా వేయించిన కోడి కూడా సరైన గూడు లేకపోతే నక్క పాలు కావలసిందే.

చీకటిలో కదలని పక్షి

నేటి పెంపుడు కోడికి పూర్వీకురాలు ఆగ్నేయాసియా అడవులలో తిరిగే ఎర్ర అడవికోడి. పొద్దు వాలగానే అది వెదురు పొదల మీదికో, చెట్టు కొమ్మల మీదికో ఎగిరి అక్కడే నిద్రిస్తుంది. కోడి కన్ను పగటి వెలుగులో రంగులను బహు చక్కగా గుర్తించగలదు గాని మసక చీకటిలో దాని చూపు మిక్కిలి బలహీనం. అందువల్ల ఒకసారి వాలిన చోటు నుంచి తెల్లవారే వరకు అది కదలదు. శత్రువు దగ్గరకు వచ్చినా పారిపోయే దారి దానికి కానరాదు. నేలను వదిలి ఎత్తుకు చేరడమే ప్రకృతి దానికి నేర్పిన రక్షణ.

పెద్ద కోళ్ళకు ఈ అలవాటు నేటికీ ఉన్నది. పెరట్లోని చింతచెట్టు, కొట్టం దూలం వాటి పడకలు. పొదుగుడు కోడి, పిల్లల కోడి మాత్రం ఎత్తుకు పోలేవు. 21 రోజులపాటు గుడ్లను కాచే పెట్ట నేలపై కదలక కూర్చోవలసిందే. పిల్లలు పొదిగి బయటకు వచ్చిన తరువాత కూడా కొన్ని వారాలపాటు అవి తల్లి రెక్కల కింద నేలమీదనే పడుకుంటాయి. అందుకే మొదటి 8 వారాలలో పిల్లలు చనిపోవడం ఎక్కువ. కుటుంబానికి జరిగే నష్టం కూడా ఈ దశలోనే అధికం.

ఆ నష్టాన్ని ఒక చిన్న లెక్కతో ఊహించవచ్చును. ఒక పెట్ట 12 గుడ్లను పొదిగి 10 పిల్లలను లేపినదనుకుంటే, అందులో 4 మాత్రమే పెరిగి పెద్దవైతే మిగిలిన 6 గద్దలకు, పిల్లులకు, వానకు, రోగానికి పోయినట్లే. గట్టి గూడు వల్ల వాటిలో 3 దక్కినా, ఏడాదికి మూడు పొదుగులకు 9 కోళ్ళు అదనంగా చేతికి వస్తాయి. కోడి ఒక్కింటికి 400 రూపాయలు పలికినదనుకుంటే ఒక్క పెట్ట మీద 3,600 రూపాయలు. కూలి పనుల మీద బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

దొంగ ఎవరు?

రాత్రి వచ్చే శత్రువు అన్నిచోట్ల ఒకటి కాదు. అడవి అంచు గ్రామాలలో అడవిపిల్లి, పునుగుపిల్లి, నక్క ముఖ్యమైనవి. చిత్తడి నేలలు, మడ అడవులు ఉన్న ప్రాంతాలలో చేపలు పట్టి తినే బావురుపిల్లి సైతం అప్పుడప్పుడు కోళ్ళ మీద పడుతుంది. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర జంతువు ఇదే. గోదావరి ముఖద్వారంలోని కోరింగ మడ అడవులలోనూ ఇది నివసిస్తున్నది. పందికొక్కులు, ఎలుకలు చిన్న పిల్లలను లాగుకుపోతాయి. నాగుపాము, జెర్రిపోతు గుడ్లకు, పిల్లలకు వస్తాయి. ముంగిస పగటి జంతువు. తెల్లవారుజామున గూటి తలుపు తీయగానే దాని వేట మొదలవుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు కాగా ఊరకుక్కలు ఒక ఎత్తు. ఊరిని కాయవలసిన కుక్కలే గుంపుగా చేరి గంపలు పడదోసి కోళ్ళను చంపడం, కంచే చేను మేసిన చందంగా, పట్టణ శివార్లలో సైతం జరుగుతున్నది.

పోయిన తీరును బట్టి దొంగను కొంతవరకు పసిగట్టవచ్చును. ఒక్క కోడి పూర్తిగా మాయమై, కొన్ని ఈకలు మాత్రం మిగిలితే నక్కనో అడవిపిల్లినో అనుమానించాలి. పలు కోళ్ళు చచ్చి, తినకుండా పడి ఉంటే అది కుక్కల పని కావచ్చును. గుడ్లు పెంకులతో సహా కనిపించకపోతే పాము మింగి ఉంటుంది. పగిలిన పెంకులు మిగిలితే ఎలుక, ముంగిస వంటివి కారణం కావచ్చును. ఈ గుర్తింపు ఎందుకు అవసరమంటే, కుక్కను ఆపే తలుపు పామును ఆపదు. పామును ఆపే సన్నని వల నేలను తవ్వి వచ్చే జంతువును ఆపదు.

ఇంట్లో పెట్టుకుంటే మరో ముప్పు

గూడు లేని పేద కుటుంబాలు కోళ్ళను రాత్రిపూట తాము పడుకునే గదిలోనే మంచం కింద గంప మూసి ఉంచుకుంటాయి. దొంగ నుంచి కోడి దక్కవచ్చును గాని దీనివల్ల మనుషులకు రెండు విధాల ముప్పు ఉన్నది. మొదటిది వ్యాధి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో దేశంలో తొలిసారిగా బర్డ్ ఫ్లూ బయటపడింది. 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో అదే వ్యాధి పెరటి కోళ్ళలో ప్రబలి లక్షలాది పక్షులను చంపవలసి వచ్చింది. ఇటువంటి వ్యాధులు పక్షుల నుంచి మనుషులకు సోకే అవకాశం ఉన్నందున కోళ్ళు, మనుషులు ఒకే గదిలో నిద్రించరాదని నిపుణుల హెచ్చరిక.

రెండవది పాముకాటు. రాలిన గింజలకు ఎలుకలు, ఎలుకలకూ కోడిపిల్లలకూ పాములు ఇంట్లోకి వస్తాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. నేలపై పడుకునే కుటుంబానికి పక్కనే కోళ్ళ గంప ఉండడం ఎంతమాత్రం క్షేమం కాదు.

విషం, విద్యుత్తు పరిష్కారాలు కావు

కోళ్ళు పోయిన కోపంలో చచ్చిన కోడికి పురుగుమందు పూసి పెట్టడం, కంచెకు కరెంటు తీగ తగిలించడం కొన్నిచోట్ల జరుగుతున్నది. విషం పెట్టిన మాంసం నక్కతో ఆగదు. పెంపుడు కుక్కలు, కళేబరాలు తినే పక్షులు కూడా దానికి బలి అవుతాయి. కరెంటు కంచెలకు పశువులు, పొరుగు రైతులు, చివరకు పెట్టినవారే బలి అయిన ఘటనలు అనేక రాష్ట్రాలలో నమోదైనాయి. పైగా నక్క, అడవిపిల్లి, పునుగుపిల్లి, ముంగిస, నాగుపాము, కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువులు. వాటిని చంపడం శిక్షార్హమైన నేరం.

ఈ జంతువులు రైతుకు మేలు కూడా చేస్తున్నాయి. పొలంలో ధాన్యాన్ని పాడుచేసే ఎలుకలు, పందికొక్కులే అడవిపిల్లికి, నక్కకు, జెర్రిపోతుకు ప్రధాన ఆహారం. కోడి కోసం పిల్లిని చంపిన రైతు ఆ తరువాత ఎలుకల చేతిలో పంటను పోగొట్టుకుంటాడు. అయితే కోడిని పోగొట్టుకున్న కుటుంబానికి ఊరట దొరకడం కష్టం. చిరుతపులి ఆవునో మేకనో చంపితే పరిహారం ఇచ్చే నిబంధనలు చాలా రాష్ట్రాలలో ఉన్నాయి. కోడికి అటువంటి పరిహారం అరుదు. కాబట్టి జంతువును చంపడం కంటె దానికి దారి మూయడమే అన్ని విధాలా మేలు.

గూడు ఎలా ఉండాలి?

మంచి గూటికి పెద్ద ఖర్చు అక్కరలేదు. నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున నాలుగు గుంజల మీద వెదురుతోనో కర్రతోనో కట్టిన గూడు కుక్కలకు, పందికొక్కులకు చాలావరకు అందదు. ఈశాన్య రాష్ట్రాల పల్లెలలో వెదురు గూళ్ళను ఈ తీరుననే ఎత్తుగా కట్టే అలవాటు ఉన్నది. గుంజలకు మధ్యలో రేకును గరాటు ఆకారంలో బోర్లించి బిగిస్తే ఎలుకలు పైకి పాకలేవు. ఎత్తయిన గూటి కింద రెట్ట రాలిపోయి, గాలి బాగా ఆడి, చలిగాలి రోగాలు కూడా తగ్గుతాయి.

చాలామంది పొరబడేది వల విషయంలో. బజారులో చవకగా దొరికే, ఆరు మూలల కన్నులు గల పలుచని కోళ్ళ వల కోడిని లోపల ఉంచగలదు గాని శత్రువును బయట ఆపలేదు. కుక్క దానిని పంటితో చీల్చగలదు. పాము, ఎలుక దాని కన్నుల గుండానే దూరగలవు. అర అంగుళం కన్నులతో అతుకు వేసిన గట్టి ఇనుప వల వాడాలి. గూటికంతటికీ కొనే స్తోమత లేకపోతే కనీసం పిల్లల కోడి ఉండే అరకు, కిటికీకి, అడుగు భాగానికి ఇది తప్పనిసరి. గూడు నేలమీదనే ఉంటే వలను గోడ చుట్టూ అడుగు వెడల్పున భూమిలో పరచి మట్టి కప్పాలి. తవ్వుతూ వచ్చే జంతువుకు అక్కడ వల అడ్డుపడుతుంది.

గూటిలో పెద్ద కోడి ఒక్కింటికి సుమారు ఒక చదరపు అడుగు చోటు, వాలడానికి అడ్డకర్ర ఉండాలి. అడ్డకర్రల సందులలో చేరి రాత్రిపూట రక్తం పీల్చే గోమార్ల వంటి పురుగులను అరికట్టడానికి అప్పుడప్పుడు సున్నం కొట్టాలి. తలుపుకు గడియ ఉండాలి, అది పంజాతో లాగితే రానిదై ఉండాలి. మిగిలిన మేతను రాత్రి గూటిలో ఉంచరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది పొద్దు గూకకముందే కోళ్ళను లెక్కపెట్టి తలుపు వేయడం. ఎంత గట్టి గూడైనా ఒక్క సాయంత్రం తలుపు మరచిపోతే ఫలితం సున్న. రోజూ గూటిలోనే గుప్పెడు గింజలు చల్లితే కోళ్ళు వారం పది రోజులలో వాటంతటవే లోపలికి రావడం అలవాటు చేసుకుంటాయి.

పొరుగు దేశం పాఠం

బంగ్లాదేశ్‌లో 1980వ దశకంలో ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ, బ్రాక్ స్వచ్ఛంద సంస్థ కలిసి గ్రామీణ స్త్రీల కోసం రూపొందించిన కోళ్ళ పెంపక పద్ధతి దక్షిణాసియాలో విశేషంగా చర్చకు వచ్చింది. ఆ పద్ధతిలో పని పలువురి మధ్య విభజించబడింది. కొందరు స్త్రీలు టీకాలు వేస్తారు. మరికొందరు ఒక్కరోజు పిల్లలను తీసుకొని 8 వారాలు వచ్చేవరకు భద్రంగా పెంచుతారు. ఆ గండం గడిచిన తరువాతనే అవి సాధారణ పెంపకందారుల పెరళ్ళకు చేరుతాయి. బలహీనమైన దశను ప్రత్యేకమైన కాపుదలలో దాటించడమే ఇందులోని కీలకం.

మన దేశంలోని గ్రామీణ పెరటి కోళ్ళ పథకంలో కూడా ఈ సూత్రం కనిపిస్తుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ఒక్కరోజు పిల్లలను కాక సుమారు 4 వారాలు పెరిగిన పిల్లలను ఇవ్వాలని, రాత్రి గూటికి కొంత సాయం అందించాలని మార్గదర్శకాలు నిర్దేశించాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులకు తెల్లని ఈకలు కాక రంగుల ఈకలు ఉండడానికి ఒక కారణం కూడా ఇదే. పరిసరాలలో కలిసిపోయే రంగు గద్ద కంటి నుంచి పక్షిని కాపాడుతుంది. అయితే చీకటిలో వాసన పట్టి వచ్చే నక్కకు రంగుతో పని లేదు. రాత్రి రక్షణ గూటితోనే సాధ్యం.

2021-22లో పునర్వ్యవస్థీకరించిన జాతీయ పశుసంపద మిషన్ పెరటి జాతుల తల్లికోళ్ళ ఫారాలకు, పిల్లల ఉత్పత్తికి 50 శాతం రాయితీతో, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల వరకు పెట్టుబడి సాయానికి ప్రాధాన్యం ఇచ్చింది. పిల్లల సరఫరా పెరగడం అవసరమే. కాని పంచిన పిల్లల సంఖ్యనే విజయానికి కొలమానంగా తీసుకుంటే, ఆరు నెలల తరువాత ఆ ఇంటి పెరట్లో ఎన్ని మిగిలాయన్న ప్రశ్న మరుగున పడుతుంది. పిల్లను ఇచ్చే ముందు గూడు సిద్ధంగా ఉన్నదో లేదో చూడడం, టీకా వేయడానికి వచ్చిన సిబ్బందే వలను, గడియను కూడా పరీక్షించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. స్వయం సహాయక బృందాలు కలిసి వలను టోకున కొనుగోలు చేసినా ధర కలిసివస్తుంది. 31 కోట్ల పక్షులు గల ఈ సంపదలో రాత్రివేళ జరుగుతున్న నష్టాన్ని కొంత తగ్గించగలిగినా, ఆ ప్రయోజనం నేరుగా చేరేది గ్రామీణ స్త్రీల కొంగుముడికే.